తొమ్మిదో రకం శనగ

నవంబరు 26

యూనివర్సిటీకి చూపించే రిజిస్టరు వేరే ఉంది. అందులో తేదీ, మడి నంబరు, పురుగుల సంఖ్య మాత్రమే ఉంటాయి. అంతకు మించి ఒక్క మాట రాసినా జాకబ్ సార్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. "భారతీ, నీకేమనిపించిందో పురుగుకు అక్కర్లేదు" అంటారు. ఆయన నా గైడు. అన్నది నిజమే. అయినా అనిపించేవాటిని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి గనక ఈ నోటుబుక్కు కొన్నాను.

ఇది మూడో పంట. మొదటి ఏడు వాన లేక విత్తనమే మొలవలేదు. రెండో ఏడు మొలిచింది, ఎండుతెగులు తగిలి డిసెంబరుకే సగం చేను చచ్చిపోయింది. ఫెలోషిప్ పోయిన జూన్‌లో ఆగిపోయింది. మార్చి ముప్పై ఒకటి థీసిస్‌కు ఆఖరి గడువు. ముప్పై నాలుగేళ్ల వయసులో టీచరు ఉద్యోగం వదిలేసి, పామిడి పక్కన నాయన చేలో పురుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నదాన్ని. ఈసారి ఏ ఆశా పెట్టుకోలేదు.

పన్నెండు రకాల పప్పుశనగ. ఒక్కో రకం మూడు మడుల్లో. మొత్తం ముప్పై ఆరు. ఎక్కడా మందు కొట్టకూడదు. పచ్చపురుగు ఏ రకాన్ని తక్కువ తింటుందో చూడాలి, ఎందుకు తక్కువ తింటుందో తేల్చాలి. శనగ ఆకుమీది నూగులోంచి పులుపు ఊరుతుంది. అందులో మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఉంటాయి. పారిపోవడానికి కాళ్లు లేని చెట్టు తనకు తాను తయారు చేసుకున్న మందు అది. ఏ రకానికి అది ఎక్కువ ఊరుతుందన్నదే నా ప్రశ్న.

నాయన ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల చేలకు కూలికి మందు కొట్టాడు. ఇప్పుడు ఆయన పంపు గోడకు వేలాడుతోంది. పురుగు కనిపించినా మందు కొట్టనని నా చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతూ ఉంటుంది, నాలుగేళ్లుగా.

నవంబరు 29

బయమ్మవ్వ వచ్చింది. తొమ్మిదో రకం ఆమె ఇచ్చిన విత్తనమే. చిన్న గింజ, ముదురు గోధుమ రంగు. మడకశిర దిక్కు పుట్టింటినుంచి యాభై ఏళ్ల కిందట కొంగున కట్టుకొచ్చిందట. కుండలో బూడిద కలిపి దాచుకుంటూ వచ్చింది. మిగతా పదకొండూ పరిశోధనా కేంద్రం నుంచి తెచ్చినవి.

"యామ్మా, నా కడలె బాగా ఎదిగిందా?"

"ఎదిగింది అవ్వా. గట్టు పొడుగునా మిగిలిన విత్తనం గూడా అదే ఏసినా."

"అట్లయితే గుడ్డ పర్సుకుంటా."

తెల్లవారుజామున శనగ మీద పల్చటి తెల్లగుడ్డ పరుస్తుంది. మంచుతో కలిసి ఆకుల పులుపంతా గుడ్డకెక్కుతుంది. పిండి సీసాలో పోసుకుంటుంది. అజీర్తికి, కడుపునొప్పికి ఊరంతా ఆమె దగ్గరికే పోతారు. శనగను "కడలె" అన్నట్టే ఆమె దాన్ని "హుళి" అంటుంది, పుట్టింటి కన్నడ మాట.

మడుల్లో వద్దన్నాను. గట్టు పక్క సాళ్లలో, తూర్పు కొసన పరుచుకోమన్నాను. పరీక్ష జరిగేది మడుల్లో, గట్టు సాళ్లు లెక్కలోకి రావు.

డిసెంబరు 5

మొదటి లెక్క. మీటరు సాలుకు రెండు మూడు చిన్నపురుగులు. అన్ని రకాల్లోనూ ఒకటే.

డిసెంబరు 10

రాత్రి అన్నం తింటూ ఉంటే నాయన అడిగాడు.

"ఏ రకం బాగుండాది పాపా?"

"ఇప్పుడే ఏం తెలుస్తాది నాయనా. తొమ్మిదోది కొంచెం నయం అనిపిస్తాండాది."

"నయమంటే?"

"పురుగు ఒగటి రెండు తక్కువుండాయి. అది గానీ నిలబడితే నా సదువు నిలబడినట్లే. ఇంక అంతా దానిమీదే ఉండాది."

ఎందుకన్నానో. ఒకటి రెండు తేడా అంటే లెక్కలో ఏమీ కాదు. అన్నం కలుపుతూ మాటవరసకు అన్నాను. నాయన మాత్రం చెయ్యి ఆపి నావైపు చూశాడు.

డిసెంబరు 16

తొమ్మిదో రకం: మీటరుకు ఒకటి. మిగతా పదకొండూ: ఆరు నుంచి ఎనిమిది దాకా.

రెండుసార్లు లెక్కపెట్టాను. మూడు మడుల్లోనూ అంతే.

ఇది ఆశ కాదు. కుతూహలం.

డిసెంబరు 17

ఈరోజు లెక్కపెట్టే రోజు కాదు. అయినా పోయి లెక్కపెట్టాను. ఒకటి.

డిసెంబరు 20

నాయన పిక్కల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. మందులు కొట్టిన రోజుల నుంచీ ఆయన చర్మం అంతే. కొబ్బరినూనె ఇచ్చాను. తొందరగా నిద్రలేస్తున్నాడు ఈమధ్య. ముసలితనం.

మా కోళ్లు బాగా బలిశాయి.

తొమ్మిదో రకం ఆకులు ఎండ ఎక్కాక నాకి చూశాను. పుల్లగా ఉంది. నాలుగో రకం కంటే ఎక్కువ పుల్లగా ఉందని అనిపించింది. అనిపించింది అంతే. నాలుక పరికరం కాదు. ఆకులు నీళ్లలో కడిగి, ఆ నీళ్లు సీసాల్లో పోసి ల్యాబులో ఇచ్చొచ్చాను. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో పోతుంటే కండక్టరు "పాలకోవానా మేడమ్?" అన్నాడు.

డిసెంబరు 23

జాకబ్ సార్ వచ్చారు. ప్యాంటు మడుచుకుని తొమ్మిదో రకం మడిలో గొంతుక్కూర్చున్నారు. పక్కనే ఎనిమిదో రకంలో కాయకాయకూ బొక్క. ఇక్కడ శుభ్రం. కొమ్మలు ఒక్కొక్కటే ఎత్తి ఆకుల కింద చూశారు. తర్వాత, "పాతికేళ్లలో ఇంత తేడా నేను చూడలేదు" అన్నారు. ఫిబ్రవరి సదస్సుకు సారాంశం ఒకటి పంపిస్తానన్నారు. వద్దు సార్, ల్యాబు ఫలితం రానివ్వండి అన్నాను. నిజంగానే అన్నాను. గట్టిగా మాత్రం అనలేదు.

పక్కచేను ఓబన్న మామ గట్టుమీద నిలబడి అంతా చూశాడు. ఆయనకు పన్నెండెకరాలు.

"ఏమ్మా భారతీ, దీనికి మందే అక్కర్లేదంటనే?"

"ఇంకా తేలల్యా మామా."

"సార్ మొగం సూస్తే తేలినట్లే ఉండాదే! మందు కొట్టినప్పుడల్లా మీ అత్తకు ఊపిరాడదు. రెండు దినాలు మంచం దిగదు. ఈ ఇత్తనం గానీ నిజమయితే నీకు దండం పెడతా."

అత్త అంటే ఆయన భార్య భద్రమ్మ. వాళ్ల ఇల్లు చేలోనే. మందు గాలి నేరుగా ఇంట్లోకే పోతుంది.

డిసెంబరు 31

ల్యాబు ఫలితం వచ్చింది.

తొమ్మిదో రకం ఆకుల్లో మాలిక్ ఆమ్లం, నాలుగో రకంలో ఉన్నంతే. ఆక్సాలిక్ ఆమ్లం ఎనిమిదో రకంలో కంటే కొంచెం తక్కువ కూడా. అంటే పులుపులో ఏ ప్రత్యేకతా లేదు.

మరి పురుగు ఎందుకు రావడం లేదు?

ఆశ్చర్యంగా ఉంది. బాధగా లేదు. ఇంకేదో ఉంది దాంట్లో, నాకు తెలియనిది. ఆకు నూగా? వాసనా? లోపల ఇంకేదైనా చేదు పదార్థమా? తెలిసింది దొరక్కపోతే తెలియనిది దొరుకుతుంది. ఇదే ఇంకా మంచిది.

జనవరి 2

మొన్న రాత్రి ప్లాస్టిక్ కప్పుల్లో ఒక్కో పురుగును వేసి, ఒక్కో రకం ఆకు పెట్టాను. రెండింటిని ఒకే కప్పులో వేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకని విడివిడిగా. తొమ్మిదో రకం ఆకు పెట్టిన పురుగులు హాయిగా తిన్నాయి. అన్నిటితో సమానంగా పెరిగాయి.

కోసిన ఆకు వేరు, చెట్టు మీదున్న ఆకు వేరు. కోయగానే ఏదో మారిపోతుంది. అదే అయ్యుండాలి.

జనవరి 3

అదే అయ్యుండాలి అని రాశాను నిన్న. పదో తరగతి పిల్ల అలా రాస్తే నేనే మార్కులు తీసేసేదాన్ని.

ఒకవేళ తల్లి పురుగు ఈ చెట్టు మీద గుడ్లే పెట్టడం లేదేమో. రేపు తెల్లారేసరికి చేలో ఉండి, ఎండ రాకముందే గుడ్లు వెతకాలి.

జనవరి 4

పావు తక్కువ ఆరుకు చేనికి పోయాను. మంచు. గట్టు మీద బయమ్మవ్వ గుడ్డ పిండుకుంటోంది. తొమ్మిదో రకం రెండో మడిలో ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. ముందు ఓబన్న మామ అనుకున్నాను.

నాయన.

పక్కన సత్తుగిన్నె. కొమ్మ ఎత్తి, ఆకు తిరగేసి, పురుగును రెండు వేళ్లతో తీసి గిన్నెలో వేస్తున్నాడు. నీళ్లగ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి, అక్కడ వణకడం లేదు.

"నాయనా. ఏం జేస్తాండావు?"

లేచి నిలబడలేదు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి. "పురుగు ఏరతాండా" అన్నాడు, చింతకాయలు ఏరుతున్నానన్నంత మామూలుగా.

"ఎందుకు?"

"మందు కొట్టద్దంటివి. కొట్టల్యా. ఏరద్దని సెప్పల్యా గదా."

"ఎన్ని దినాల నుంచి?"

"తొమ్మిదో దానిమీదే నా సదువంతా ఉండాదంటివే, ఆ మర్సటి దినం నుంచి."

బయమ్మవ్వ గుడ్డ భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది. "నువ్వే సెప్పిండావనుకుంటి గదమ్మా. రోజూ ఇద్దరమూ ఒగే సారి వస్తాంటిమి."

"నా మూడేండ్ల సదువు కోళ్లకేసినావు నాయనా" అన్నాను.

ఆయన గిన్నెలోకి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. ఏం చెడగొట్టాడో ఆయనకు అర్థం కాలేదు. ఏదో చెడిందని మాత్రం అర్థమైంది. గిన్నె అక్కడే వదిలేసి, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచి ఇంటికి పోయాడు. పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు. పొద్దున్నే మంచులో శనగచేలో నడిస్తే ఆకుల పులుపు తగిలి అలా మండుతుంది. శనగ పులుపు మీద మూడేళ్లుగా చదువుతున్నాను. నాకు తెలియనిది కాదు.

జనవరి 4, మధ్యాహ్నం

ఎవరికీ చెప్పనక్కర్లేదు.

జనవరి 5

చూసింది నేను, బయమ్మవ్వ. ఆమె ఎవరితోనూ చెప్పదు, చెప్పాల్సిన విషయమనే ఆమెకు తెలియదు. రిజిస్టరులో ఉన్న అంకెలన్నీ నేను కళ్లారా చూసి రాసినవే. ఒక్కటి కూడా అబద్ధం కాదు. మీటరుకు ఒకటి. ఉన్నది అంతే.

నాయన మధ్యాహ్నం అన్నం తినలేదు.

జనవరి 6

సార్‌కు మెయిల్ రాశాను. పంపలేదు.

నాయన కోళ్లకు జొన్నలు వేస్తున్నాడు. అవి జొన్నలు తినకుండా ఆయన కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి.

జనవరి 7

మెయిల్ మళ్లీ చదివాను. బాగా రాశాను. పంపలేదు.

జనవరి 8

ఓబన్న మామ పొద్దున్నే వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని.

"బయమ్మ తమ్మునికాడ ఇదే ఇత్తనం ఆరు మూటలుండాదంట. మడకశిరకు రేపు బండి పంపిస్తాండా. వచ్చే కార్తీకానికి ఆరెకరాలు ఇదే ఏస్తా. మందులంగడి మొగం సూసేది లేదింక. మీ అత్తకు సెప్తే కండ్లనీళ్లు పెట్టుకునె."

నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఓబన్న మామ ఇంకా చెబుతున్నాడు, ఏ మడి చెక్కలో వేస్తాడో, ఎన్ని సాళ్లు వదులుతాడో. నేను వింటున్నట్టే నిలబడి, నా తలలో లెక్క వేసుకున్నాను. ఆరెకరాలు. మందు లేకుండా. మీటరుకు ఏడు పురుగులు. సంక్రాంతి దాటేసరికి కాయ మిగలదు. అప్పుడు కంగారుపడి ఒకటికి రెండు మందులు కలిపి కొడతాడు. ఆ గాలి ఇంట్లోకి పోతుంది.

"మామా, బండి పంపద్దు."

"ఏమి?"

"తొమ్మిదో రకానికి ఏం బలం ల్యా. పురుగు రానిది కాదు. వచ్చిందాన్ని రోజూ ఏరేసినారు. అందుకే కనపల్యా."

"ఎవురు?"

నేను చెప్పకముందే నాయన అన్నాడు, "నేనే ఓబన్నా."

ఓబన్న మామ నాయనను చూసి నావైపు తిరిగాడు. "ఊరంతా సెప్పుకుంటినే" అన్నాడు. "నెలనుంచి సూస్తాంటి. ఒగ మాట ముందే సెప్పింటే ఏమి?"

"నాకు నాలుగు దినాల కిందట తెలిసింది మామా."

"నాలుగు దినాలు! నేను రాకపోతే?"

ఆయన గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నిజం సెప్పినావు, మేలు. కోపం మాత్రం ఉండాది నాకు" అని పోయాడు.

జనవరి 9

మెయిల్ కాదు, ఫోన్ చేశాను. జాకబ్ సార్ అంతా విన్నారు. ఫ్యాను శబ్దం వినిపిస్తూ ఉంది అవతల.

"సారాంశం వెనక్కి తీసుకుంటాను. తొందరపడి పంపింది నేను, అది నా పని" అన్నారు. ఆ తర్వాత, గొంతు మార్చి, "ఎన్ని ఏరారు?" అన్నారు.

"తెలీదు సార్."

"అడుగు."

"ఐదు రోజులుగా మేం మాట్లాడుకోవడం లేదు సార్."

"మీ సంగతి నాకెందుకు. పురుగుల కోసం మాట్లాడు."

జనవరి 10

పొద్దున కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టి అడిగాను. "నాయనా, మొత్తం ఎన్ని ఏరింటావు?"

ఆయన గోడమీద ఇంకా తీయని పాత క్యాలెండరు వైపు చెయ్యి చూపించాడు.

డిసెంబరు 11 నుంచి ప్రతి తేదీ కింద పెన్సిలుతో ఒక అంకె. 22. 31. 37. 34. ఆ క్యాలెండరు పక్కనే అద్దం. నెలరోజులుగా రోజూ అక్కడే తల దువ్వుకున్నాను.

"గుడ్ల లెక్క అనుకున్నా" అన్నాను.

"నాలుగు కోళ్లు దినానికి ముప్పై ఏడు గుడ్లు పెడతాయా పాపా?"

ఇద్దరిలో ముందు ఎవరు నవ్వామో తెలియదు. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"లెక్క ఎందుకు రాసినావు?"

"నువ్వు రాస్తాంటావు గదా. ఎన్నుంటాయో నాకూ తెలుసుకోవల్లనిపిచ్చె."

మధ్యాహ్నమంతా కూర్చుని ఆయన అంకెలను నా అంకెలకు కలిపాను. అంచనా మాత్రమే, కానీ దగ్గరి అంచనా. తొమ్మిదో రకానికి మీటరుకు ఏడు. అన్నిటిలాగే. ల్యాబు సరిగ్గానే చెప్పింది. కప్పుల్లో పురుగులూ సరిగ్గానే చెప్పాయి. ఒప్పుకోనిది నేనొక్కదాన్నే.

సాయంత్రం ఆ మాటే నాయనతో చెప్పాను. ఆయన ఆలోచిస్తూ, "మడుల్లో అంతే. గట్టు కాడ మటుకు వేరే" అన్నాడు.

"గట్టు కాడ గూడా ఏరినావా?"

"అదీ తొమ్మిదోదే గదా. అది లెక్కలో రాయల్యా. బయమ్మ గుడ్డ పర్సే కాడ పురుగు జాస్తి. ఆపక్క గుడ్డ లేని కాడ దాంట్లో సగం గూడా ఉండదు. రోజూ అంతే."

"ఎందుకట్ల?"

"నన్నడుగుతావేమి, సదువుకున్నది నువ్వు. పులుపంతా ఆయమ్మ పిండుకోని పాయె. ఆకు సప్పగయితాది. పురుగుకు రుచిగుంటాదేమో."

నేను లేచి నిలబడ్డాను. మూడేళ్లుగా ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చుతున్నాను. ఒకే చెట్టు పులుపుతో ఒకసారి, పులుపు లేకుండా ఒకసారి ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. గట్టు సాళ్లు లెక్కలోకి రావని నవంబరులోనే తీసిపారేశాను.

జనవరి 11

సార్ అడిగిన మొదటి ప్రశ్న: "గుడ్డ పులుపును తీసిందని నువ్వంటున్నావు. గుడ్డ బరువుకు ఆకు నలిగి పురుగు చేరిందేమో?" నాకు తట్టలేదు. సంతోషంగా అనిపించింది, తట్టనందుకు కాదు, ఆయన మళ్లీ ప్రశ్న అడిగినందుకు.

గట్టు పొడుగునా పదిహేను ముక్కలు, ఒక్కోటి ఐదు మీటర్లు. ఐదింటిమీద తెల్లవారుజామున గుడ్డ. ఐదింటిమీద మధ్యాహ్నం, మంచు ఆరిపోయాక, పొడిగుడ్డ అంతేసేపు. ఐదింటికి ఏమీ లేదు. ఏది దేనికో చీటీలు రాసి బయమ్మవ్వతో తీయించాను.

మొదలుపెట్టే ముందు పదిహేను ముక్కల్లోనూ ఒక్క పురుగు లేకుండా చెయ్యాలి. ఈసారి ఏరమని నేనే అడిగాను. నాయన ఒక్క పూటలో చేశాడు. ఆయన వెనకాలే నేను వెతికాను. రెండు దొరికాయి, నాకు. వంద పైన దొరికాయి, ఆయనకు.

"ఇంక పదిహేను దినాలు ముట్టుకోవద్దు నాయనా."

"ముట్టుకోను."

"ఏరేదీ లేదు, దులిపేదీ లేదు, కోడిని తోలేదీ లేదు."

"అన్నీ నేర్సినావే" అన్నాడు.

బయమ్మవ్వకు విషయం చెబితే కాసేపు దిగులుపడింది. "అయితే యాభై ఏండ్ల నుంచి పురుగును నేనే పిల్సుకుంటాంటినా?" గట్టు పక్క నాలుగు సాళ్లకు ఏమవుతుంది అవ్వా అన్నాను. "అదీ నిజమే. సేనంత గుడ్డ నాకాడ యాడుండాది" అంది.

జనవరి 17

నాయన రోజూ పొద్దున నాతో వస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని గట్టు వెంబడి నడుస్తాడు. ఈరోజు ఒక లేతకాయలో తల దూర్చి తింటున్న పురుగు దగ్గర ఆగిపోయాడు. సగం శరీరం బయటే ఉంది. పావుగంట కదల్లేదు ఆయన.

"ఏరెయ్యల్లనిపిస్తాండాది సూస్తాంటే" అన్నాడు. "సూడకుండా గూడా ఉండలేకపోతాండా."

జనవరి 21

ఓబన్న మామ చేలో మందు కొట్టారు. ఈ ఏడూ వేరే దారి లేదు. భద్రమ్మత్తను ముందురోజే పుట్టపర్తిలో వాళ్ల చెల్లెలి ఇంటికి పంపాడట. గట్టుమీద ఎదురుపడితే పలకరించాడు. "ఏమ్మా, ఏం తేలె?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "తేలినాక సెప్పు. తేలకముందు సెప్పద్దు."

జనవరి 26

లెక్క పూర్తయింది. నేను ఒకసారి, నాయన ఒకసారి, విడివిడిగా లెక్కపెట్టాం. రెండు పురుగుల తేడా వచ్చింది. మళ్లీ చూస్తే ఆయనదే ఒప్పు.

తెల్లవారుజామున గుడ్డ పరిచినవి: 58.
పొడిగుడ్డ పరిచినవి: 30.
ఏమీ పరచనివి: 27.

సార్‌కు ఫోన్‌లో చదివాను. "ఒక్క చేను, ఒక్క పదిహేను రోజులు. దీంతో ఏదీ రుజువు కాదు" అన్నారు.

"తెలుసు సార్."

"ఆకు తడిసినందుకా, ఆమ్లం పోయినందుకా? ఆ గుడ్డ పిండిన నీళ్లలో మనకు తెలియనిది ఇంకేమైనా ఉందా? కడిగిన ఆకుమీద మళ్లీ ఆమ్లం చల్లితే పురుగు తగ్గుతుందా?"

"అవన్నీ చూడాలి సార్."

"చూడు మరి" అన్నారు. పెట్టేసేముందు, "బాగుంది" అన్నారు.

ఇంక ఏరెయ్యొచ్చు నాయనా అని చెప్పాను. ఆయన సాయంత్రం దాకా ఏరి, ఒక్కదాన్ని మాత్రం గిన్నెలో వేయకుండా అరచేతిలో పట్టుకొచ్చాడు. లావుగా, ఆకుపచ్చగా, పక్కన తెల్లటి గీత.

"దీన్ని పెంచితే ఏమయితాది?"

"మట్టిలోకి పోతాది. పెంకు కడతాది. పదిహేను దినాలకు రెక్కల పురుగై బయటికొస్తాది."

"నాకొక సీసా ఇయ్యి."

ఫిబ్రవరి 4

యూనివర్సిటీలో కమిటీ ముందు అంతా చెప్పాను, క్యాలెండరుతో సహా. ఒకాయన నవ్వారు. ఒకావిడ, "ఇది మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా" అన్నారు. అవునన్నాను.

సెప్టెంబరు వరకు గడువిచ్చారు. ఫెలోషిప్ లేదు. కుండీల్లో, దోమతెర కింద మళ్లీ చెయ్యాలి. తొమ్మిదో రకం థీసిస్‌లో ఉంటుంది, నిరోధక శక్తి లేని రకంగా. పామిడిలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు ఒక పూట సైన్సు చెప్పమన్నారు. ఒప్పుకున్నాను.

తిరిగి వచ్చేసరికి నాయన సీసా ముందు కూర్చుని ఉన్నాడు. పురుగు మట్టిలోకి పోయి ఆరు రోజులైంది. "సచ్చిపోయిందేమో పాపా" అన్నాడు. ఆయన గొంతులో భయం విన్నాను.

ఫిబ్రవరి 13

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే నాయన లోపలి నుంచి కేకేశాడు.

సీసాలో, ఎండుపుల్ల మీద, రెక్కలు ఆరబెట్టుకుంటూ ఒక చిన్న పురుగు. ఎండుగడ్డి రంగు. రెక్కమీద ఒక మచ్చ. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు.

నాయన సీసాను వెలుతురుకు పట్టి తిప్పితిప్పి చూశాడు.

"ఇదా?" అన్నాడు. "ఇదేనా?"

"ఇదే నాయనా."

"దీపాల యాళకు వాకిట్లో లైటు కాడికొచ్చేది ఇదే గదా. నా భుజం మీద వాల్తాంటాది. పోనీలే పాపం అని ఊదేసేవాణ్ని." సీసాను ఇంకోసారి తిప్పాడు. "ముప్పై ఏండ్లు పురుగును సంపితి. దాని తల్లిని పక్కన కూసోబెట్టుకుంటి."

ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. సీసా ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు, ముక్కు గాజుకు తగిలేంత.

"ఇంతింత సేన్లల్లో శనగ సెట్టు యాడుండాదో దీనికెట్ల తెలుస్తాది?"

"వాసన పట్టి పోతాదంటారు."

"ఏ వాసన? పులుపుకు వాసన ఉంటాదా?"

పులుపుకు ఉండదు, ఇంకేదో ఉండాలి అని చెప్పబోయి ఆగాను. ఆ ఇంకేదో ఏమిటో నేను చదవలేదు. ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

"తెలీదు నాయనా."

ఆయన తల ఊపాడు. నాకు తెలియకపోవడం ఆయనకు నచ్చినట్టుంది. గట్టు పక్క ఇంకా పచ్చగా ఉన్న కొమ్మలు రెండు కోసుకొచ్చాడు. ఒకటి సీసాలో పెట్టబోతూ ఆగి, రెండోదాన్ని నా చేతికిచ్చాడు.

"ఇది కడుక్కోని రా" అన్నాడు. "రెండూ పెడదాం. దేనిమీదికి పోతాదో సూద్దాం."